మసకబారిన దీపాలు

ఒడిశాలోని బరంపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో గోపాల్‌పూర్ సముద్రతీరం ఉంది. ఆ రెండు ఊళ్ల మధ్య అద్దెకారు నడుపుకొనే ఒక డ్రైవరును ఊహించుకోండి. పగటిపూట అతడు సముద్రం చూడవచ్చిన వారిని తిప్పుతాడు. రాత్రివేళ ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే తీరంలోని పల్లెలవాళ్లు వచ్చి తట్టేది అతని తలుపే. ఒక వానాకాలపు రాత్రి, నొప్పులు పడుతున్న ఒక తల్లిని ఎక్కించుకుని అతడు బరంపురం ఆసుపత్రికి బయలుదేరాడు. కొంత దూరం వెళ్లేసరికి ముందు దీపాల వెలుగు పసుపురంగుకు తిరిగింది. గతుకు వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం తగ్గి, మళ్లీ పెరుగుతోంది. హారన్ కొడితే మరింత మసకబారుతోంది. రోడ్డు మీద పడుకున్న పశువు దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. అతడు వేగం బాగా తగ్గించి, రోడ్డు ఎడమ అంచునే చూసుకుంటూ, అరగంట కూడా పట్టని దారిని గంటకు పైగా నడిపాడు. ఆ గంట వెనుక సీటులో ఉన్నవారికి ఎంత పొడవుగా తోచి ఉంటుందో చెప్పనక్కరలేదు.

తెల్లవారాక అతడు కారును ఒక దుకాణానికి తీసుకుపోయాడు. దీపాలు మసకబారుతున్నాయన్న మాట వినగానే దుకాణదారుడు, "బ్యాటరీ పోయింది. కొత్తది వేయించుకో" అన్నాడు. అప్పుచేసి కొత్త బ్యాటరీ వేయించాడు. పాతది దుకాణంలోనే ఇచ్చేశాడు. నాలుగు రోజులు దీపాలు చక్కగా వెలిగాయి. అయిదోనాటి రాత్రి గతుకు రాగానే మళ్లీ అదే మిణుకు.

బ్యాటరీ మార్చడం తప్పు కాదు. అది నిజంగా పాడయిందో లేదో చూడకుండా మార్చడమే తప్పు. మసకబారిన దీపం జ్వరం వంటిది. జ్వరం దానంతట అది రోగం కాదు, లోపల ఉన్న రోగానికి గుర్తు. జ్వరం ఎప్పుడు వస్తోంది, ఎలా వస్తోంది అని వైద్యుడు అడిగినట్లే, దీపం ఎప్పుడు మసకబారుతోంది, ఎలా మసకబారుతోంది అని అడగాలి. ఆ ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే లోపం ఎక్కడున్నదీ చాలావరకు తెలిసిపోతుంది.

వెలుగు కొంచెం తగ్గితే ఏమవుతుందిలే అని కొందరు అనుకుంటారు. లెక్క వేసి చూడవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. అడ్డం కనబడిన తరువాత కాలు బ్రేకు మీద పడేసరికి చురుకైన డ్రైవరుకు కూడా సుమారు ఒక సెకను పడుతుంది. అక్కడినుంచి పొడి రోడ్డు మీద బండి ఆగడానికి మరో 20 మీటర్లయినా కావాలి. మొత్తం 37 మీటర్లు. తడి రోడ్డు అయితే ఇంకా ఎక్కువ.

ఇక దీపం సంగతి. టంగ్‌స్టన్ తీగ కాలి వెలుగునిచ్చే బల్బుకు ఒక గుణం ఉంది. దానికి అందే వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 10 శాతం తగ్గి ఊరుకోదు, దాదాపు 30 శాతం తగ్గుతుంది. తీగ వేడి తగ్గినకొద్దీ వెలుగు తెలుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు జారుతుంది. వెలుగు దూరం పోయినకొద్దీ పలచబడుతుంది కూడా. దూరం రెట్టింపయితే అది నాలుగోవంతుకు పడిపోతుంది. ఈ రెండూ కలిపి లెక్కకడితే, మంచి దీపానికి 40 మీటర్ల దూరంలో ఎంత స్పష్టంగా కనబడిన వస్తువు అయినా, 30 శాతం తగ్గిన దీపానికి అంత స్పష్టంగా కనబడాలంటే 33 మీటర్ల దగ్గరకు రావాలి. ఆగడానికి 37 మీటర్లు కావాలి. కనబడేది 33 మీటర్ల దగ్గర. పశువుకూ కారుకూ మధ్య ఆ నాలుగు మీటర్లే తేడా.

దీపం ఎందుకు మసకబారుతుందో తెలియాలంటే ముందుగా దానికి విద్యుత్తు ఏ దారిన వస్తుందో తెలియాలి. విద్యుత్తు దీపం దాకా వచ్చి అక్కడ ఖర్చయిపోయేది కాదు. బయలుదేరిన చోటికి అది తిరిగి చేరితేనే ప్రవాహం సాగుతుంది. బ్యాటరీ ధన ధ్రువం నుంచి బయలుదేరి ఫ్యూజుల పెట్టె, స్విచ్చి, బల్బు హోల్డరు దాటి బల్బులోని తీగకు చేరుతుంది. అక్కడినుంచి తిరుగుదారి పట్టి బ్యాటరీ ఋణ ధ్రువానికి వస్తుంది. ఇళ్లలో రాకకు ఒక తీగ, పోకకు ఒక తీగ ఉంటాయి. కారులో అలా కాదు. ఇనుప రేకుతో చేసిన కారు శరీరాన్నే తిరుగుదారిగా వాడుకుంటారు. దీనివల్ల ఎంతో రాగితీగ ఆదా అవుతుంది. ప్రతి దీపం నుంచి ఒక పొట్టి తీగ తెచ్చి దగ్గరలోని రేకుకు మరతో బిగిస్తారు. పనివాళ్లు దీనిని "ఎర్తు" అంటారు. నిజానికి దీనికీ భూమికీ సంబంధం లేదు. కారు నిలబడింది రబ్బరు చక్రాల మీద కదా!

ఈ దారిలో కనీసం పది పన్నెండు చోట్ల అతుకులు ఉంటాయి. ఒక్కొక్క అతుకూ ఒక్కొక్క వాకిలి వంటిది. వాకిలి బాగా తెరిచి ఉంటే విద్యుత్తు సులభంగా సాగిపోతుంది. తుప్పు పట్టితేనో, మర వదులైతేనో వాకిలి సగం మూసుకున్నట్లే. ఆ అడ్డునే నిరోధం అంటారు. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ప్రకారం, ఒక అడ్డు దగ్గర ఎన్ని వోల్టులు పోతాయో తెలియాలంటే అక్కడి నిరోధాన్ని ప్రవాహంతో గుణించాలి. అడ్డు చిన్నదే కావచ్చు. దాని గుండా పోయే ప్రవాహం పెద్దదైతే పోయే వోల్టులూ పెద్దవే అవుతాయి. ముందు దీపానికి వాడే మామూలు హాలోజన్ బల్బు 55 లేక 60 వాట్లది. అది దాదాపు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు దీపాలకు 10 ఆంపియర్లు. కారులోని చిన్న బల్బులతో పోల్చితే ఇది పెద్ద ప్రవాహమే. అందుకే అతుకుల్లోని లోపం అన్నింటికంటె ముందు ఈ దీపాల్లోనే బయటపడుతుంది.

అయిదోనాటి తరువాత మన డ్రైవరు దుకాణానికి పోలేదు. తోటి డ్రైవర్లు చెప్పగా, కార్ల విద్యుత్ పనిలోనే తల నెరిసిన ఒక మేస్త్రి దగ్గరకు వెళ్లాడు. ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు ప్రశ్నలు వేశాడు.

"సెల్ఫు ఎలా తిరుగుతోంది, బాబూ?"

"దానికేం, మేస్త్రిగారూ! తాళం తిప్పగానే గిర్రున తిరుగుతోంది. బ్యాటరీ మార్చక ముందూ అంతే."

ఈ ఒక్క జవాబుతో బ్యాటరీ మీది అనుమానం చాలావరకు తీరిపోయింది. ఇంజనును కదిలించే సెల్ఫు మోటారు నూరు ఆంపియర్లకు మించిన ప్రవాహాన్ని లాగుతుంది. కారులో అంత బరువు పని మరొకటి లేదు. నీరసపడిన బ్యాటరీ అయితే ఆ పని దగ్గరే మూలుగుతుంది. సెల్ఫును గిర్రున తిప్పగల బ్యాటరీకి 10 ఆంపియర్ల దీపాలు ఒక లెక్క కాదు.

"మసకబారేది ఒక దీపమా, రెండూనా?"

"రెండూనండి. వెనక దీపాలు, లోపల దీపం కూడా."

ఒక్క దీపమే మసకబారితే లోపం ఆ దీపం హోల్డరులోనో, దాని సొంత ఎర్తు తీగలోనో ఉంటుంది. అన్నీ కలిసి మసకబారితే లోపం అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న దారిలోనో, విద్యుత్తు పుట్టే చోటులోనో ఉండాలి. వీధిలో ఒక ఇంటికే నీళ్లు రాకపోతే ఆ ఇంటి గొట్టం చూస్తారు. వీధి మొత్తానికి రాకపోతే పెద్ద గొట్టం చూస్తారు.

"యాక్సిలరేటరు తొక్కితే వెలుగు పెరుగుతోందా?"

"లేదండి. పెద్దగా తేడా లేదు. గతుకుల్లో మాత్రం మిణుకుమంటున్నాయి."

ఈ ప్రశ్న వెనుక కొంత చరిత్ర ఉంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు కారుకు విద్యుత్తు ఇచ్చేది బ్యాటరీ. ఇంజను తిరుగుతున్నప్పుడు ఆ పని దాని బెల్టుతో తిరిగే యంత్రానిది. అయస్కాంత క్షేత్రం మారుతున్నప్పుడు తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రం మీదనే ఆ యంత్రం పనిచేస్తుంది. పాతకాలపు కార్లలో ఇది డైనమో. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో చాలినంత విద్యుత్తు ఇవ్వలేదు. డైనమో ఉన్న పాత అంబాసిడర్లు కూడలి దగ్గర ఆగితే దీపాలు నీరసించి, కదలగానే తేరుకోవడం పెద్దవాళ్లు చాలామంది చూసే ఉంటారు. అప్పట్లో అది లోపం కాదు, ఆ యంత్రం స్వభావం. తరువాత ఆల్టర్నేటరు వచ్చింది. నెమ్మదిగా తిరిగినా అది దీపాలకు సరిపడా విద్యుత్తు ఇవ్వగలదు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయే నాటికి డైనమో ఏనాడో పాతవస్తువయింది. కనుక ఆల్టర్నేటరు ఉన్న కారు ఆగినప్పుడు దీపాలు బాగా మసకబారి, యాక్సిలరేటరు తొక్కగానే వెలుగు పెరిగితే దానిని స్వభావమని వదిలేయకూడదు. బెల్టు వదులై జారుతూ ఉండవచ్చు. ఆల్టర్నేటరులోని కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండవచ్చు. లేదా ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చే డయోడ్లలో ఒకటి పోయి ఉండవచ్చు. డయోడు పోతే దీపాలు సన్నగా వణుకుతాయి. రేడియోలో ఈలవంటి రొద కూడా వినిపించవచ్చు.

మన డ్రైవరు కారులో ఇవేవీ లేవు. వెలుగు ఇంజను వేగాన్ని అనుసరించడం లేదు, గతుకులను అనుసరిస్తోంది. గతుకులను అనుసరించే లోపం ఎక్కడో కదిలే అతుకులోనే ఉంటుంది. మేస్త్రి ఇప్పుడు బానెట్ ఎత్తి మల్టీమీటరు తీశాడు.

మల్టీమీటరు వోల్టులను, ఆంపియర్లను, నిరోధాన్ని కొలిచే చిన్న పరికరం. దానికి ఎరుపు, నలుపు తీగలు రెండు ఉంటాయి. ఏ రెండు చోట్ల వాటి మొనలు ఆనిస్తే ఆ రెండు చోట్ల మధ్య ఉన్న వోల్టుల తేడా చూపుతుంది. ముందుగా బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య కొలిచాడు. ఇంజను ఆపి ఉండగా 12.6 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి. ఒక్కొక్కటీ నిండుగా ఉన్నప్పుడు దాదాపు 2.1 వోల్టులు ఇస్తుంది. కాబట్టి 12.6 అంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్లే. ఇది 12కు దిగిపోయిందంటే బ్యాటరీ దాదాపు ఖాళీ. తరువాత ఇంజను నడిపించి, ముందు దీపాలు వెలిగించి కొలిస్తే 13.8 వచ్చింది. మామూలుగా ఇది పదమూడున్నరకూ పద్నాలుగున్నరకూ మధ్య ఉండాలి. ఆల్టర్నేటరు కూడా ఆరోగ్యంగానే ఉందన్నమాట.

దీపాలు వెలుగుతూ ఉండగానే ముందు దీపం హోల్డరు దగ్గర కొలిచాడు. అక్కడ 11.9 వోల్టులే ఉన్నాయి. బయలుదేరినవి 13.8, దీపానికి అందినవి 11.9. దారిలో 1.9 వోల్టులు ఎవరో దోచుకున్నారు.

దొంగను పట్టడానికి మేస్త్రి చేసిన పని చూడదగినది. దారిని రెండు ముక్కలు చేశాడు. బ్యాటరీ ధన ధ్రువం దగ్గర ఒక మొన, హోల్డరు ధన కొన దగ్గర రెండో మొన పెట్టాడు. 0.4 వోల్టులు. రాకదారిలో ఇంతే పోతోంది. పాత కారుకు ఇది భరించదగినదే. తరువాత హోల్డరు ఎర్తు కొనకూ బ్యాటరీ ఋణ ధ్రువానికీ మధ్య పెట్టాడు. 1.5 వోల్టులు! దొంగ తిరుగుదారిలో ఉన్నాడు. తిరుగుదారిని మళ్లీ రెండు ముక్కలు చేశాడు. హోల్డరు ఎర్తు నుంచి కారు రేకు దాకా 0.1. కారు రేకు నుంచి బ్యాటరీ దాకా 1.4.

ఆ కారులో బ్యాటరీ ఋణ ధ్రువం నుంచి వచ్చే లావు తీగ ఇంజనుకు బిగించి ఉంది. ఇంజనునూ కారు శరీరాన్నీ కలిపేది రాగితీగలతో జడలా అల్లిన ఒక పట్టీ. దీపాలన్నిటి విద్యుత్తు, హారన్ విద్యుత్తు ఆ పట్టీ మీదుగానే తిరిగి రావాలి. మేస్త్రి టార్చిలైటు వేసి చూపించాడు. ఇంజను కింద, మట్టి పేరుకుపోయిన చోట, పట్టీ సగం తీగలు పచ్చబడి తెగి ఉన్నాయి. రేకుకు బిగించిన మర చుట్టూ తుప్పు పొరలు పొరలుగా లేచింది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇటువంటివి సాధారణం. గోపాల్‌పూర్ వంటి సముద్రతీరాల్లో, యానాం వంటి నదీముఖ ప్రాంతాల్లో ఉప్పుతో కూడిన తేమ ఇనుమునూ రాగినీ త్వరగా తినేస్తుంది.

ఇప్పుడు డ్రైవరు చూసిన వింతలన్నీ విడిపోయాయి. సెల్ఫు మోటారు ఇంజనుకే బిగించి ఉంది, బ్యాటరీ తీగ కూడా ఇంజనుకే ఉంది. కనుక సెల్ఫు విద్యుత్తుకు ఆ పట్టీతో పని లేదు, అది గిర్రున తిరిగింది. గతుకుల్లో ఇంజను తన రబ్బరు దిండ్ల మీద ఊగుతుంది. దానితోపాటు పట్టీ కదిలి, వదులు అతుకు తగులుతూ తొలగుతూ ఉంది. అదే మిణుకు. హారన్ కొడితే ఆ ఇరుకుదారిలో ప్రవాహం మరింత పెరిగి, ఇంకా ఎక్కువ వోల్టులు పోయాయి. కొత్త బ్యాటరీ వేసిన నాలుగు రోజులు బాగుండడానికి కారణం బ్యాటరీ కాదు. దానిని బిగించేటప్పుడు తీగలు లాగడం వల్ల పట్టీ కదిలి తాత్కాలికంగా గట్టిగా తగిలింది, అంతే.

పోయిన 1.4 వోల్టులు ఏమయ్యాయి? వేడిగా మారాయి. దీపాలన్నీ కలిసి 11 ఆంపియర్లు తీసుకుంటే ఆ అతుకు దగ్గర దాదాపు 15 వాట్ల వేడి పుడుతుంది. దీపాలు కొంతసేపు వెలిగాక చేయి దగ్గర పెడితే తెలిసేంత వేడి అది. మీటరు లేనివాళ్లకు ఇది కూడా ఒక గుర్తే. కొన్ని కార్లలో బ్యాటరీ తీగను ఇంజనుకు కాక శరీరానికి బిగిస్తారు. అటువంటి కారులో ఈ పట్టీ తెగితే సెల్ఫు విద్యుత్తు వేరే దారి లేక, సన్నని యాక్సిలరేటరు కేబుల్ గుండానో క్లచ్ కేబుల్ గుండానో తిరిగి వస్తుంది. అవి కాలిపోతాయి. కేబుల్ ఎందుకు బిగుసుకుపోయిందో తెలియక కేబుళ్లు మార్చుకుంటూ పోయేవారు ఉంటారు.

మేస్త్రి చేసిన పరీక్షలో ఒక మెలకువ ఉంది. ఆయన అన్నీ దీపాలు వెలుగుతుండగానే కొలిచాడు. దీపం ఆర్పి కొలిచి ఉంటే తుప్పుపట్టిన అతుకు కూడా మంచిదిగానే కనిపించేది. సగం పూడుకుపోయిన నీటి గొట్టంలో కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ నీటి ఒత్తిడి తగ్గదు. కుళాయి తిప్పి నీరు పారినప్పుడే ధార సన్నగిల్లుతుంది. అలాగే ప్రవాహం సాగుతున్నప్పుడే అతుకు గుట్టు బయటపడుతుంది.

అన్ని కార్ల లోపమూ ఇదే కాదు. బ్యాటరీ ధ్రువాల మీదనే తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని అతుకు చెడిపోవడం మరీ ఎక్కువ. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరబెట్టి, బిగించాక పైన వాజలైన్ రాస్తే అది మళ్లీ త్వరగా రాదు. బ్రేకు నొక్కగానే వెనుక వైపు వేరే దీపం సన్నగా వెలిగినా, పక్క సూచిక దీపం మిణుకుతో పాటు వెనుక దీపం కూడా మిణుకుమన్నా ఆ దీపాల గుత్తి ఎర్తు చెడిందని అర్థం. తన దారి మూసుకుపోయిన విద్యుత్తు పక్క బల్బు తీగ గుండా దారి వెతుక్కుంటుంది. దీపాలు మసకబారడానికి బదులు వేగం పెరిగినకొద్దీ మరీ తెల్లగా మండి, బల్బులు తరచూ మాడిపోతూ ఉంటే ఆల్టర్నేటరును అదుపులో ఉంచే రెగ్యులేటరు చెడిందేమో చూడాలి. అప్పుడు బ్యాటరీ దగ్గర 15 వోల్టులకు మించి కనబడుతుంది, బ్యాటరీలోని నీరు కూడా త్వరగా తరిగిపోతుంది. హోల్డరు దగ్గర వోల్టులు సరిగా ఉండి కూడా వెలుగు తక్కువైతే తప్పు విద్యుత్తుది కాదు. దీపం వెనుకనున్న అద్దపు పూత మాసి ఉండవచ్చు, ముందున్న ప్లాస్టిక్ మూత ఎండకు పసుపెక్కి ఉండవచ్చు.

వెలుగు చాలడం లేదని కొందరు 60 వాట్ల బల్బు తీసి 100 వాట్ల బల్బు పెట్టిస్తారు. ఇది ఇరుకు వాకిట్లో మరింత మందిని తోయడమే. ఒక్కొక్క బల్బు 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది. పాత తీగలు వేడెక్కి, హోల్డరు కరిగి, చివరికి దీపానికి ముందుకంటె తక్కువ వోల్టులే అందుతాయి. పైగా ఎదుటి బండివాని కళ్లు చీకట్లు కమ్ముతాయి.

2010 తరువాత వచ్చిన కార్లలో ఎల్.ఇ.డి. దీపాలు పెరుగుతూ వచ్చాయి. వీటి నడక వేరు. ఇవి పసుపెక్కి నీరసించవు. లోపలి ఎలక్ట్రానిక్ సాధనం చాలినంత వోల్టేజి ఉన్నంతవరకు వెలుగును నిలకడగా ఉంచి, అది మరీ తగ్గినప్పుడు ఒక్కసారిగా మినుకుమినుకుమంటుంది లేదా ఆరిపోతుంది. హాలోజన్ కోసం చేసిన పాత కారులో ఎల్.ఇ.డి. బల్బు పెడితే లోపమేమీ లేకపోయినా మిణుకు రావచ్చు. బల్బు బాగుందో లేదో చూడడానికి కొన్ని కార్లలోని కంప్యూటరు సన్నని విద్యుత్ తరంగాలు పంపుతుంది. హాలోజన్ తీగ వాటిని లెక్కచేయదు. ఎల్.ఇ.డి. మాత్రం ప్రతి తరంగానికీ ఉలిక్కిపడుతుంది. ఇంకొక సంగతి. ఇంధనం పొదుపు కోసం కొన్ని కొత్త కార్లు ఆల్టర్నేటరు వోల్టేజిని అవసరాన్ని బట్టి తామే హెచ్చుతగ్గులు చేస్తాయి. అటువంటి కారులో వెలుగు ఏ కొంచెమో మారితే కంగారుపడనక్కరలేదు. ఏసీ అందుకున్నప్పుడు ఒక్క క్షణం వెలుగు తగ్గడం కూడా అంతే.

బ్యాటరీతో పని జాగ్రత్తగా చేయవలసినది. దాని లోపలిది గంధకామ్లం, చర్మాన్నీ బట్టలనూ కాలుస్తుంది. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది, చిన్న నిప్పురవ్వ చాలు పేలడానికి. అందుకే మేస్త్రి పట్టీ విప్పేముందు ఇంజను ఆపి, చేతి ఉంగరం తీసి జేబులో వేసుకుని, మొదట ఋణ ధ్రువం తీగ విప్పాడు. బిగించేటప్పుడు దానిని చివర బిగించాడు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి ఆల్టర్నేటరును పరీక్షించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. బ్యాటరీ అడ్డులేని ఆల్టర్నేటరు వోల్టేజి ఒక్కసారిగా ఎగసి, కారులోని ఎలక్ట్రానిక్ సాధనాలను కాల్చివేయగలదు. డైనమో రోజుల్లో చెల్లిన పద్ధతి ఇప్పుడు చెల్లదు.

తుప్పును ఎమెరీ కాగితంతో రేకు మెరిసేదాకా గీకి, మేస్త్రి కొత్త పట్టీ బిగించాడు. పైన దళసరిగా గ్రీజు పూశాడు. పని అంతా అరగంట. మళ్లీ దీపాలు వెలిగించి కొలిస్తే తిరుగుదారి మొత్తంలో పోయింది 0.1 వోల్టు. హోల్డరు దగ్గర 13.3 వచ్చింది. అంతకుముందు 11.9 దగ్గర పసుపుగా ఉన్న వెలుగు తెల్లగా గోడ మీద పడింది. పట్టీకి అయిన ఖర్చు బ్యాటరీ ఖర్చులో ఒక చిన్న వంతు.

"మరి నా పాత బ్యాటరీ?" అని అడిగాడు డ్రైవరు.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ, "అది ఈపాటికి ఇంకో బండిలో సెల్ఫు తిప్పుతూ ఉంటుంది, బాబూ" అన్నాడు.